పాస్‌వర్డ్ సరైనదే... కంప్యూటరే ఒప్పుకోవట్లేదు

ప్రశ్న: మిర్యాలగూడలో మా రైసుమిల్లు ఆఫీసు కంప్యూటరులో విండోస్ 10 ఉంది. బిల్లులు రాయడానికి తెలుగు కీబోర్డు పెట్టించాం. మర్నాటి నుంచి, ఆన్ చేయగానే అడిగే పాస్‌వర్డ్ కొడితే తప్పంటోంది. రిపేరు షాపులో ఫార్మాట్ చేయాలంటున్నారు. లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి.

జవాబు: ఫార్మాట్‌కు ఒప్పుకోకండి. మీరు చెప్పినదాన్ని బట్టి పాస్‌వర్డ్ మారలేదు, కీబోర్డు భాష మారి ఉంటుంది. లాగిన్ తెర కింద కుడి మూలన ఏ భాష ఉందో చూడండి. తెలుగు ఉంటే మీరు కొట్టే ఇంగ్లీషు అక్షరాలు తెలుగువై పడతాయి. పెట్టెలో చుక్కలే కనబడతాయి కాబట్టి ఆ సంగతి తెలియదు. విండోస్ కీ పట్టుకుని స్పేస్ బార్ నొక్కి ఇంగ్లీషుకు మార్చండి. అందులోనూ యూకే ఇంగ్లీషు కాకుండా యూఎస్ ఉండాలి. యూకే అయితే 2 అంకె మీది @ గుర్తు ఇంకో కీలోకి పోతుంది.

పక్కన ఎవరూ లేనప్పుడు పెట్టె చివరి కన్ను గుర్తు నొక్కి పట్టుకుంటే ఏం పడిందో కనబడుతుంది. అంకెలు పడకపోతే నమ్‌లాక్ చూడండి, లేదా పై వరుస అంకెలే వాడండి. ఒక్క అక్షరమే పడకపోయినా, రెండుసార్లు పడినా కీబోర్డుదే లోపం. మిల్లులో తవుడు దుమ్ము కీల కిందికి చేరుతుంది, అనుమానించాల్సిందే. అదే తెర మూలన ఉన్న ఈజ్ ఆఫ్ యాక్సెస్ గుర్తులోంచి ఆన్-స్క్రీన్ కీబోర్డు తెచ్చి మౌస్‌తో కొట్టండి. లోపలికి వెళ్తే కొత్త కీబోర్డు కొంటే సరిపోతుంది.

ఇంకో కారణం కూడా ఉంటుంది. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయ్యేవారు ఫోన్లో పాస్‌వర్డ్ మారిస్తే, నెట్ లేని కంప్యూటరు పాతదాన్నే అడుగుతుంది. పాతది కొట్టి చూడండి.

లోపలికి వెళ్లాక సెట్టింగ్స్, డివైసెస్, టైపింగ్‌లోకి వెళ్లి అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లో మొదటి భాషగా ఇంగ్లీషు పెట్టండి. తర్వాత లాంగ్వేజ్ పేజీలోని అడ్మినిస్ట్రేటివ్ సెట్టింగ్స్‌లో 'కాపీ సెట్టింగ్స్' నొక్కి, వెల్‌కమ్ స్క్రీన్‌కు టిక్ పెట్టండి. ఈ రెండోది చేయకపోతే లాగిన్ తెర మళ్లీ తెలుగులోనే తెరుచుకోవచ్చు. ఆరోజే లెక్కల ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి.

ప్రశ్న: జడ్చర్లలో మా పాత డెస్క్‌టాప్ విండోస్ రాకముందే నల్ల తెర మీద పాస్‌వర్డ్ అడుగుతోంది. లోపలి సెల్లు తీస్తే పోతుందా?

జవాబు: అది బయాస్ పాస్‌వర్డ్. విండోస్ కంటే ముందే నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రామే బయాస్. పాత డెస్క్‌టాపుల్లో చాలావాటిలో సెల్లు తీస్తే పోతుంది. ముందు కరెంటు వైరు పీకేసి, పవర్ బటన్‌ను 15 సెకన్లు నొక్కి పట్టుకోండి. మదర్‌బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 సెల్లు తీసి పది నిమిషాలాగి పెట్టండి. పోకపోతే, చాలా బోర్డుల్లో క్లియర్ సీమాస్ (బయాస్ సెట్టింగ్స్ చెరిపేది) అని రాసిన మూడు పిన్నులు ఉంటాయి. కరెంటు లేనప్పుడే వాటి మీది చిన్న టోపీని (జంపర్) 1-2 పిన్నుల నుంచి 2-3 పిన్నులకు మార్చి, పది సెకన్లాగి మళ్లీ యథాస్థానంలో పెట్టాలి. ఆ తర్వాత బయాస్‌లో తేదీ సరిచేయాలి, లేకపోతే వెబ్‌సైట్లు తెరుచుకోవు. విండోస్ నీలం తెరతో ఆగితే బయాస్‌లోనే సాటా మోడ్‌ను (డిస్కు మదర్‌బోర్డుతో పనిచేసే పద్ధతి) ముందున్నట్టు ఏహెచ్‌సీఐకి గానీ ఐడీఈకి గానీ మార్చండి.

ల్యాప్‌టాప్ మీద ఈ పని చేయకండి. వాటిలో చాలావరకు పాస్‌వర్డ్ వేరే చిప్‌లో ఉంటుంది, సెల్లు తీసినా పోదు. కొన్న బిల్లు తీసుకుని కంపెనీ సర్వీస్ సెంటరుకే వెళ్లండి. బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ సదుపాయం) ఉన్న ఏ కంప్యూటరైనా బయాస్ ముట్టుకునే ముందు 48 అంకెల రికవరీ కీ చేతిలో ఉండాలి. బయాస్ మారితే విండోస్ ఆ కీ అడగవచ్చు, అప్పుడు అది లేకపోతే డిస్కులోని ఫైళ్లు ఎవరూ తెరవలేరు.