టెక్సస్ భూమి పట్టాల మీద నవల రాస్తున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి, ఆశీస్సులు.

నీ మొదటి అధ్యాయం చదివాను. అందులో స్టీఫెన్ ఆస్టిన్ జమీందారులా కూర్చుని, వచ్చినవాళ్లకల్లా పొలం రాసిచ్చేస్తున్నాడు. కథ పట్టు తప్పింది అక్కడే. అప్పట్లో టెక్సస్ మెక్సికో పాలనలో ఉండేది, ఆస్టిన్ అక్కడ ఎంప్రెసారియో. ఎంప్రెసారియో అంటే భూస్వామి కాదు, కుటుంబాల్ని తెచ్చి దింపే గుత్తేదారు. పట్టా ఇచ్చేది ప్రభుత్వం నియమించిన కమిషనర్. ఆస్టిన్ తొలి కాలనీలో ఆ పని చేసింది బారన్ డి బాస్ట్రాప్.

కథ ఏ ఏడు నడుస్తోందో ముందు తేల్చుకో. ఆస్టిన్ తొలి పట్టాలు మెక్సికో 1823 వలస చట్టం కిందివి. 1824 జాతీయ చట్టం వివరాల్ని రాష్ట్రాలకు వదిలేసింది. 1825 మార్చిలో మెక్సికోలోని కోఆవీలా-టెక్సస్ రాష్ట్రం తన చట్టం తెచ్చింది: కుటుంబాల్ని దింపడానికి గడువు ఆరేళ్లు, దింపిన ప్రతి 100 కుటుంబాలకీ గుత్తేదారుకు 5 సీతియోలు, 5 లబోర్లు (ఇవి భూమి కొలతలు, కింద చెబుతాను). 1830 ఏప్రిల్ 6 చట్టం అమెరికా నుంచి వచ్చే వలసలకు అడ్డం పడింది.

కొలతలు బాగా వంటబట్టించుకో. వారా అంటే సుమారు 33 అంగుళాలు. వెయ్యి వారాల చదరం లబోర్, అంటే 177 ఎకరాలు. ఐదువేల వారాల చదరం సీతియో, 4,428 ఎకరాలు. సేద్యం ఒక్కటే చేసే కుటుంబానికి లబోర్, పశువులూ ఉంటే సీతియో. ఇంత తేడా ఉంటే ఎవరైనా పశువులున్నాయనే చెబుతారు! 1825 చట్టం ప్రకారం సీతియోకి రాష్ట్రానికి కట్టాల్సింది 30 పెసోలు, అదీ నాలుగో ఏటి నుంచి మూడు వాయిదాల్లో. సర్వేయరు కూలి, గుమస్తా రుసుము, స్టాంపు కాగితం ఖర్చు వేరే.

సర్వే ఘట్టాన్ని తొందరపడి దాటెయ్యకు. ఏటి ఒడ్డున ఒక చెట్టుకు గాటు పెట్టి, అక్కణ్ణుంచి దిక్సూచి చూసుకుంటూ గొలుసు లాగేవారు. గొలుసు వదులైతే, దిక్సూచి ముల్లు కాస్త తప్పితే హద్దు పక్కవాడి పొలంలోకి పోతుంది. ఏరు దారి మార్చినా, గాటు చెట్టు కూలినా మనవల కాలానికి కోర్టు మెట్లే. ఆ తర్వాత స్వాధీనం. కమిషనర్ ఆసామి చెయ్యి పట్టుకుని భూమి మీద నడిపించి, భూమి నీకు స్వాధీనమైందని గట్టిగా చెప్పేవాడు. ఆసామి కేకలు వేసి, గడ్డి పీకి, రాళ్లు విసిరి, మేకులు పాతేవాడు. ఇదంతా పట్టాలోనే రాసి ఉంటుంది. అసలు ప్రతి ఆఫీసులో ఉంచుకుని నకలు ఆసామికి ఇచ్చేవారు.

గొడవలు కూడా కాగితం దగ్గరే మొదలయ్యాయి. టెక్సస్‌లోని నాకడోచెస్‌లో హేడెన్ ఎడ్వర్డ్స్ అనే మరో ఎంప్రెసారియో, అక్కడ ముందునుంచీ ఉంటున్నవాళ్లని పట్టాలు చూపించమన్నాడు, లేకపోతే భూమి అమ్మేస్తానన్నాడు. పాత హక్కుల్ని కాపాడాలన్నది అతని ఒప్పందంలోనే ఉన్న షరతు. ఒప్పందం రద్దయింది, 1826 డిసెంబరులో అతని మనుషులు ఫ్రెడోనియా అనే స్వతంత్ర దేశం పేరుతో తిరగబడ్డారు.

ఇంకొకటి. 'ఖాళీ నేల' అని రాశావు, కొట్టెయ్యి. అది కరంకావా అనే స్థానిక తెగవాళ్లు వేటాడి బతికిన తీరం. 1825లో ఆస్టిన్ కాలనీలో ఉన్న సుమారు 1,800 మందిలో 443 మంది బానిసలు. 1821లో ఆస్టిన్ వేసిన తొలి భూమి పంపకం లెక్కలోనైతే తెచ్చిన ఒక్కో బానిసకు యజమానికి 80 ఎకరాలు. గొలుసు లాగే ఘట్టంలో వాళ్లు కనిపించకపోతే నీ నవల అబద్ధమాడినట్టే.

ఆ పట్టాలు ఆస్టిన్ నగరంలోని టెక్సస్ జనరల్ ల్యాండ్ ఆఫీసులో ఉన్నాయి. మనవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు, ఎవరినైనా తోడు తీసుకుని వెళ్లు. ముందు ఒక్క పట్టాని మొదటి అక్షరం నుంచి ముద్ర దాకా నీ చేత్తో ఎత్తి రాసుకో. రెండో అధ్యాయం ఆ తర్వాత పంపు.

ప్రేమతో,
అన్నయ్య