కామెరాన్ గ్రీన్ మొదట్లో బౌలరా, బ్యాటరా?

"గ్రీన్ బౌలర్‌గా వచ్చాడని కొందరు, బ్యాటర్‌గా వచ్చాడని కొందరు అంటున్నారు. ఏది నిజం? కుర్రాడిగా ఉన్నప్పుడే అంత హడావుడి ఎందుకు చేశారు?" అని అడిగారు.

బౌలరే. ఈ ఆస్ట్రేలియా ఆటగాడు 2017 ఫిబ్రవరిలో హోబార్ట్‌లో టాస్మానియా మీద తన రాష్ట్ర జట్టు వెస్టర్న్ ఆస్ట్రేలియా తరఫున మొదటి మ్యాచ్ ఆడేనాటికి అతనికి 17 ఏళ్ళు. మొదటి ఇన్నింగ్స్‌లోనే 24 పరుగులిచ్చి 5 వికెట్లు తీశాడు. ఆస్ట్రేలియా రాష్ట్ర జట్ల పోటీ షెఫీల్డ్ షీల్డ్‌లో అంత చిన్న వయసులో అయిదు వికెట్లు అంతకుముందు ఎవరూ తీయలేదు. పెర్త్ కుర్రాడు, ఆరున్నర అడుగుల మనిషి, పైగా బంతి లేపగలడు. ఇంకేం కావాలి, అందరి కళ్ళూ అతని మీదే పడ్డాయి.

ఆ తర్వాత నడుము మొరాయించింది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ స్ట్రెస్ ఫ్రాక్చర్లు, అంటే ఒత్తిడికి ఎముకలో వచ్చే సన్నటి పగుళ్ళు. ఈ ముక్క నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఇంటర్ రెండో ఏడాదిలో నాకూ అదే అయింది. నేను గ్రీన్‌ని కాదు లెండి, మా జిల్లా దాటి ఆడింది లేదు. కానీ ఊళ్ళో కాస్త వేగంగా వేసేవాణ్ణని పేరుండేది. కుడిచేత్తో వేస్తాను కాబట్టి నొప్పి నడుముకి ఎడమ పక్కన మొదలైంది, వేలు పెట్టి చూపించగలిగేంత చిన్న చోట. బంతి వదిలే క్షణంలో ముందుకాలు నేలని గట్టిగా తన్నుతుంది, అదే సమయంలో నడుము వెనక్కీ పక్కకీ వంగి తిరుగుతుంది. ఎముక ఇంకా ముదరని వయసులో ఇది రోజూ వందసార్లు జరిగితే సన్నటి పగులు వస్తుంది. పొడుగ్గా ఉండేవాళ్ళకి ఇంకా తిప్పలు. అప్పుడు మాకు నేర్పే ఆయన (పేరెందుకు లెండి) "వేడినీళ్ళు కాపుకో, ఇంకో నాలుగు ఓవర్లు వేస్తే అదే సర్దుకుంటుంది" అన్నాడు. నాలుగు కాదు, నాలుగు నెలలు వేశాను. చివరికి స్కాన్ తీయించేసరికి ఎగ్జామ్స్ కుర్చీలో కూర్చుని రాయలేని స్థితి. బౌలింగ్ అక్కడితో సరి. బ్యాటింగ్‌లో పదో నంబరు వాణ్ణి కనుక క్రికెట్టూ అక్కడితో సరి.

గ్రీన్ సంగతి వేరే దారి పట్టింది ఇక్కడే. బంతి ఇవ్వకుండా బ్యాట్‌తో ఆడనిచ్చారు. 2019-20 సీజన్‌లో కుర్రాడు సెంచరీల మీద సెంచరీలు కొట్టాడు. 2020లో న్యూ సౌత్ వేల్స్ మీద 197. రికీ పాంటింగ్ తర్వాత ఇంత బ్యాటింగ్ ప్రతిభ చూడలేదని ఆస్ట్రేలియా పాత కెప్టెన్ గ్రెగ్ చాపెల్ అంటే, ఆ మాటే ఊరంతా తిరిగింది. మీరడిగిన హడావుడి అక్కడ మొదలైంది. అంటే బౌలర్‌గా వచ్చినవాడు బౌలింగ్ ఆపాల్సి వచ్చి బ్యాటర్‌గా బయటపడ్డాడు. మీరు విన్న రెండు మాటలూ అందుకే నిజంలా వినిపిస్తాయి.

మనవాళ్ళకి అతను మొదట తెలిసింది మాత్రం దెబ్బ తిని. 2020 డిసెంబరులో సిడ్నీలో టెస్టులకి ముందు మన జట్టుకీ ఆస్ట్రేలియా-ఎ జట్టుకీ పింక్ బాల్ ప్రాక్టీస్ మ్యాచ్. గ్రీన్ వేసిన బంతిని బుమ్రా నేరుగా కొట్టాడు. పట్టుకోబోతే చేతుల మధ్యనుంచి వెళ్ళి తలకి తగిలింది. అవతలి ఎండ్‌లో ఉన్న మన సిరాజ్ బ్యాట్ అక్కడే పడేసి, పరుగు సంగతి వదిలేసి, అతని దగ్గరికి పరిగెత్తాడు. అప్పటికి సిరాజ్ తండ్రి పోయి నెల కూడా కాలేదు. ఆ వీడియో ఇప్పటికీ అప్పుడప్పుడు పెట్టుకుని చూస్తాను.

వారం తిరక్కుండానే అడిలైడ్‌లో గ్రీన్ టెస్టుల్లోకి వచ్చాడు. మనం 36కే ఆలౌటైన మ్యాచ్, మరిచిపోదామన్నా మరుపు రాదు. గల్లీలో (స్లిప్‌ పక్కన ఉండే ఫీల్డింగ్ చోటు) కోహ్లీ క్యాచ్‌ని ఒకసారి చేజార్చి మళ్ళీ అందుకున్నది ఇతనే. ఆ సిరీస్‌లో సిడ్నీలో 84 కొట్టాడు కానీ నాలుగు టెస్టుల్లోనూ ఒక్క వికెట్ పడలేదు. అందుకు నాకేం ఆశ్చర్యం వేయలేదు. నడుము విరిగి తిరిగొచ్చినవాడికి ప్రతి బంతికీ ముందు లోపల ఒక చిన్న లెక్క నడుస్తూనే ఉంటుంది. రెండేళ్ళ తర్వాత 2022 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో దక్షిణాఫ్రికా మీద 27 పరుగులకి 5 వికెట్లు తీశాకే అతను మళ్ళీ పూర్తి బౌలర్ అయ్యాడని నా లెక్క. అదే మ్యాచ్‌లో వేలు విరిగినా మళ్ళీ దిగి 51 నాటౌట్‌గా నిలిచాడు. ఆ వారంలోనే ముంబై ఇండియన్స్ అతన్ని 17.5 కోట్లకి కొన్నది.

నేను కళ్ళారా చూసింది మాత్రం హైదరాబాద్ ఉప్పల్‌లో, 2022 సెప్టెంబరు 25న ఆస్ట్రేలియాతో మన టీ20లో. టికెట్ల కోసం జింఖానా మైదానంలో తొక్కిసలాట అయిందే, ఆ మ్యాచ్. మా తోడల్లుడి పుణ్యాన సీటు దొరికింది. గ్రీన్ ఓపెనింగ్‌కి వచ్చి 21 బంతుల్లో 52 కొట్టాడు, యాభై 19 బంతుల్లోనే. చుట్టూ నలభై వేల మంది ఒక్కసారిగా నోరు మూసుకుంటే ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. నా పక్క సీటు పిల్లాడు "ఎవడు నాన్నా ఈ పొడుగోడు?" అని అడిగితే వాళ్ళ నాన్న "కొత్తోడురా, బౌలరట" అన్నాడు. చివరికి ఒక బంతి మిగిలుండగా మనమే గెలిచాం అనుకోండి. గ్రీన్‌కి పుట్టుకతోనే కిడ్నీ జబ్బు ఉందన్న సంగతి 2023 డిసెంబరులో అతనే చెప్పేదాకా మనలో ఎవరికీ తెలియదు.

2024లో నడుముకి ఆపరేషన్ అని వార్త వచ్చినప్పుడు, మన దేశంతో ఆ ఏడాది సిరీస్‌కి అతను రావడం లేదని మావాళ్ళు సంబరపడ్డారు. నా చెయ్యి మాత్రం తెలియకుండానే నడుముకి ఎడమ పక్కకి వెళ్ళింది.