ఆగిన చోటి నుంచి: ‘ఏంజెల్’ కామిక్స్‌పై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ‘ఏంజెల్’ టీవీ సీరియల్ ఐదు సీజన్లూ ఇటీవలే చూశాను. ఏంజెల్, అతని వెంట మిగిలిన ముగ్గురూ వాన కురుస్తున్న సందులో రాక్షససేనకు ఎదురు నిలిచిన క్షణంలోనే కథ ఆగిపోయింది. తరువాతి కథ కామిక్స్‌గా వచ్చిందట. అది అసలు కథేనా, పేరు వాడుకుని ఎవరో అల్లినదా?
– డిగ్రీ విద్యార్థిని, కావలి

జవాబు: అసలు కథే. లాస్ ఏంజెలెస్ నగరంలో తన పూర్వపాపాలకు ప్రాయశ్చిత్తంగా ఆపదలో ఉన్నవారిని కాపాడే రక్తపిశాచి కథగా 1999 అక్టోబరులో మొదలైన ఈ సీరియల్‌ను డబ్ల్యూబీ ఛానల్ 110 ఎపిసోడ్ల తరువాత నిలిపివేసింది. రద్దు వార్త 2004 ఫిబ్రవరిలో వెలువడింది, చివరి ఎపిసోడ్ మే 19న ప్రసారమైంది. మూడేళ్లు గడిచాక, 2007 నవంబరులో, ఐడీడబ్ల్యూ అనే ప్రచురణ సంస్థ ‘ఏంజెల్: ఆఫ్టర్ ది ఫాల్’ పేరుతో నెలనెలా సంచికలు తేవడం ప్రారంభించింది. సీరియల్ సృష్టికర్తల్లో ఒకరైన జాస్ వీడన్, రచయిత బ్రయాన్ లించ్ కలిసి కూర్చుని కథను రూపొందించారు, లించ్ రాశారు, బొమ్మల్లో ప్రధానమైన చేయి ఫ్రాంకో ఉర్రుది. ఇదే సంస్థ 2005 నుంచి ఏంజెల్ కథలు వేస్తూనే ఉన్నా, వాటికీ దీనికీ ఉన్న తేడా వీడన్ ప్రమేయమే.

మరొకరి కలం పట్టిన కథ అసలు కథ ఎలా అవుతుందన్న సందేహం మన ప్రాంతపు పాఠకులకు రాకూడదని నా అభిప్రాయం. శారదరాత్రుల వర్ణన దగ్గర నన్నయ కలం ఆగిపోతే, మన నెల్లూరి తిక్కన విరాటపర్వం నుంచి భారతాన్ని అందుకున్నాడు. మధ్యలో మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని గుడ్లూరు వాడిగా పేరున్న ఎర్రన, నన్నయే రాసినట్లుగా రాజరాజనరేంద్రుడికి అంకితమిస్తూ పూర్తిచేశాడు. ఆ భాగాన్ని పరాయిదని మనమెవరమూ పక్కన పెట్టలేదు. ఈ కామిక్స్‌ను ఆ మహాకావ్యంతో సమానం చేయడం నా ఉద్దేశం కాదు. కొనసాగించేవాడు పాత్రల స్వభావాన్నీ మాటతీరునూ ఎంత శ్రద్ధగా పట్టుకున్నాడన్నదే కొలత కావాలంటున్నాను. ఆ కొలతకు లించ్ నిలుస్తారు. ముఖ్యంగా ఏంజెల్ వెంట నిలిచిన మరో రక్తపిశాచి స్పైక్ నోట ఆయన పలికించే మాటలు చదువుతుంటే నటుడి గొంతు వినిపిస్తుంది.

మాధ్యమం మారడం వల్ల కలిగిన మేలు కూడా తక్కువది కాదు. టీవీ బడ్జెట్‌కు ఒక సందూ, దూరాన ఎగిరే ఒక డ్రాగనూ చూపడమే కష్టమైంది; కాగితం మీద మాత్రం లాస్ ఏంజెలెస్ నగరం మొత్తం నరకంలో పడిపోయింది, ఆ డ్రాగనే ఏంజెల్‌కు వాహనమైంది. ఇది మొదటి సంచికలోనే తెలిసే సంగతి కనుక చెప్పాను, మిగిలిన మలుపులను మీకే వదిలేస్తున్నాను. ఒక లోపం మాత్రం ఉంది. నటుల ముఖాలకు అలవాటు పడిన కళ్ళకు కొన్ని పుటల్లో ఎవరు ఎవరో వెంటనే పోల్చుకోవడం కష్టమవుతుంది, రంగులు మరీ చీకటిగా ఉన్నచోట ఇంకా ఎక్కువ.

ప్రశ్న: ఏ వరుసలో చదవాలి? ఎక్కడ ఆపాలి?
– పాఠకుడు, ఒంగోలు

జవాబు: వీలైతే ముందుగా లించ్ రాసిన ‘స్పైక్: అసైలం’ చదవండి. అది వీడన్‌కు నచ్చడం వల్లనే లించ్‌కు ఈ అవకాశం దక్కింది. పైగా మనసులతో మాట్లాడే జార్జి అనే చేప అందులోనే పుట్టి ఇక్కడికి వచ్చింది. తరువాత ‘ఆఫ్టర్ ది ఫాల్’ 1 నుంచి 17 వరకు వరుసగా చదవాలి. 6, 7, 8 సంచికలు ముందుకు సాగకుండా వెనక్కి వెళ్లి, నగరం పతనమైన తొలి రాత్రి ఎవరికి ఏమైందో వేర్వేరు చిత్రకారుల బొమ్మలతో చెబుతాయి. ఆ మూడింటి దగ్గర విసిగి పుస్తకం మూసేయకండి, తరువాతి ఘట్టాల బరువు వాటిమీదే నిలబడింది. స్పైక్ ఒక్కడి కథగా విడిగా వచ్చిన నాలుగు సంచికలను వీటి తరువాత చదివితే చక్కగా అతుకుతాయి. 2009 ఫిబ్రవరిలో వచ్చిన 17వ సంచికతో వీడన్, లించ్ తలపెట్టిన కథ పూర్తవుతుంది. ఆ సిరీస్ 2011 వరకు సాగింది కాని, నన్నడిగితే 17 దగ్గరే ఆపి, అదే ఏడాది హక్కులు చేతులు మారాక డార్క్ హార్స్ సంస్థ తెచ్చిన ‘ఏంజెల్ అండ్ ఫెయిత్’కు వెళ్లడం మంచిది. అయితే దానికి ముందు అదే సంస్థ వేసిన ‘బఫీ’ (ఏంజెల్ పాత్ర మొదట కనిపించిన సీరియల్) ఎనిమిదో సీజన్ కామిక్స్, 40 సంచికలు, చదివి ఉండాలి. లేకపోతే ఏంజెల్ ఎందుకంత అపరాధభారంతో ఉన్నాడో అర్థం కాదు.

ప్రశ్న: రేపు సీరియల్ మళ్లీ టీవీలో మొదలైతే ఈ కామిక్స్ గతి ఏమిటి?
– పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ‘ఎక్స్ ఫైల్స్’ విషయంలో సరిగ్గా అదే జరిగింది. 2002లో ఆగిన ఆ సీరియల్‌కు 2013లో పదో సీజన్ పేరుతోనే కామిక్స్ వచ్చాయి. సృష్టికర్త క్రిస్ కార్టర్ అండ కూడా వాటికి ఉంది. 2016 జనవరిలో సీరియల్ తిరిగి టీవీకి వచ్చినప్పుడు ఆ కొత్త ఎపిసోడ్లే పదో సీజన్ అయ్యాయి, కామిక్స్ కథను అవి లెక్కలోకి తీసుకోలేదు. ఏంజెల్‌కూ అలా జరగవచ్చు. అంతమాత్రాన ఆ 17 సంచికలను చదవడం మానుకోవద్దని నా సలహా.