కాలికి బలపం కట్టుకునే ముందు

చిరంజీవి అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ గంటన్నర మాట్లాడింది. అందులో గంట ఏడుపే. "మాస్టర్స్ సీటు వదులుకుని బాస్కెట్‌బాల్ పట్టుకుని ఊళ్లు తిరుగుతానంటున్నాడు, నువ్వైనా చెప్పన్నయ్యా" అంది. నేను వద్దని చెప్పను. వెళ్లేవాడికి తెలియాల్సినవి మాత్రం చెబుతా. అమ్మమ్మ నీకు తెలుగు చదవడం నేర్పింది కాబట్టి తెలుగులోనే రాస్తున్నా. అర్థం కానిచోట అమ్మతో చదివించుకో, తను వినాల్సిన ముక్కలూ ఉన్నాయి ఇందులో.

నేనెప్పుడూ బంతి పట్టినవాణ్ని కాదు, ట్యాక్సులు చేసుకునేవాణ్ని. కాకపోతే మా ఊరు ఫ్రిస్కోలో సగం మంది మనవాళ్లయితే (కొంచెం ఎక్కువే చెప్పానులే), మిగతా ఊరికి టెక్సస్ లెజెండ్స్ అని ఒక జీ లీగ్ (అమెరికా పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏకి కింది మెట్టు) జట్టుంది. అక్కడా ఇక్కడా ఆడే కుర్రాళ్లు ఒకరిని చూసి ఒకరు నా దగ్గరికి రావడం మొదలై చాలా ఏళ్లయింది. నా టేబుల్ కింద వాళ్ల మోకాళ్లు పట్టవు. కుర్చీ గోడదాకా జరుపుకుని కూర్చుంటారు.

మొదటివాడు నాకింకా గుర్తు. పదిహేనో సైజు బూట్ల పెట్టె తెచ్చి టేబుల్ మీద బోర్లించాడు. ఏడు డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, పన్ను కోత చూపే కాగితాలు), మూడు ఊళ్ల కరెంటు బిల్లులు, ఏదో హోటల్ తాళం కార్డు, ఒక అపార్ట్‌మెంట్ లీజు. లీజు పన్నెండు నెలలకి. ఆ ఊళ్లో వాడున్నది తొమ్మిది రోజులు. "రెండోసారి కూడా ఉంచుకుంటారనుకున్నా సార్" అన్నాడు. అప్పుడే అనుకున్నా, ఈ పిల్లలకి ఆట నేర్పేవాళ్లు వందమంది ఉన్నారు గానీ ఈ బతుకు ఎలా ఉంటుందో చెప్పేవాడే లేడని.

ముందు ఎన్‌బీఏ జట్టు నీ చేతిలో పెట్టిన కాంట్రాక్టు కాగితం సంగతి. దాని పేరు ఎగ్జిబిట్ 10. అది ఉద్యోగం అనుకోకు, ఇంటర్వ్యూకి పిలుపు అనుకో. ట్రైనింగ్ క్యాంపులో ఉంచుకుంటారు, సీజన్ మొదలయ్యేలోపు తీసేస్తారు, తీసేసి వాళ్ల జీ లీగ్ జట్టుకి పంపుతారు. అక్కడ 60 రోజులుంటేనే బోనస్. నలభయ్యో రోజున ఇంకెక్కడి నుంచో ఆఫర్ వచ్చిందని వెళ్లిపోయావంటే బోనస్ అక్కడే వదిలేసినట్టు. ఒక్కోసారి అలా వదలడమే మంచిది కావచ్చు, కానీ లెక్క వేసుకుని వదులు.

ఎన్‌బీఏలో జట్లు 30. జట్టుకి 15 మంది, మరో ముగ్గురు టూ-వే వాళ్లు (ఎన్‌బీఏకీ జీ లీగ్‌కీ మధ్య తిరిగేవాళ్లు). ఇందులో మొదటి పదీ పన్నెండు కుర్చీలు నీవి కావు, ఉన్నమాట చెబుతున్నా. నీలాంటివాళ్లంతా తిరిగేది చివరి రెండు మూడు కుర్చీల చుట్టూ. అవి ఖాళీ అయ్యేదానికి ఒక కాలం ఉంది. జనవరి 10తో ఆ సీజన్ కాంట్రాక్టులన్నీ పూర్తి గ్యారంటీ (తీసేసినా జీతం ఇవ్వాల్సిందే) అయిపోతాయి కాబట్టి, తీసేసే తతంగానికి రోజులు పడతాయి కనక, గ్యారంటీ లేనివాళ్లని జట్లు 7వ తేదీలోపే వదిలించుకుంటాయి. పదిరోజుల కాంట్రాక్టులు ఇవ్వడం మొదలయ్యేది 5 నుంచి. అంటే మన ఇళ్లల్లో పండక్కి అరిసెల పిండి కొట్టే వారంలో, నెల పట్టాక హరిదాసు వచ్చినట్టు, ఫోన్లు వస్తాయి. ఆ వారంలో మీ అమ్మ సంక్రాంతికి ఇంటికి రమ్మంటుంది. వెళ్లకు. (చెల్లీ, నువ్వు కూడా విను. ఆ ఒక్క వారం అడక్కు. ఉగాదికి అడుగు.)

పదిరోజుల కాంట్రాక్టంటే పది రోజులు లేదా మూడు ఆటలు, ఏది ఎక్కువైతే అది. ఒక జట్టు నీకు సీజన్‌లో రెండుసార్లే ఇవ్వగలదు. ఆ తర్వాత మిగతా సీజన్‌కి తీసుకోవాలి, లేదా సెలవు. 2023-24లో కొత్తవాడికి ఆ పది రోజులకి దాదాపు 64 వేల డాలర్లు. అదే జీ లీగ్‌లో సీజనంతా ఆడితే కొన్నేళ్ల కిందట 35 వేలుండేది, ఇప్పుడు 40 దాటింది. మా వీధిలో సాఫ్ట్‌వేర్ ఫ్రెషర్ నీకంటే ఎక్కువ సంపాదిస్తాడు. ఇక్కడే కుర్రాళ్లు బోల్తా పడతారు. 64 వేలు చూడగానే, నెలకి మూడు పదులు కాబట్టి రెండు లక్షలు అనుకుంటారు. కారు కొంటారు. నువ్వు బతకాల్సింది జీ లీగ్ జీతం మీద. పదిరోజుల డబ్బుని వానాకాలంలో చెరువుకొచ్చిన నీళ్లు అనుకో, వేసవికి దాచు.

పైగా ఆ 64 వేలూ నీవి కావు. నువ్వు పనిచేసిన రోజులన్నీ లెక్కేస్తారు. ఆటలొక్కటే కాదు, ప్రాక్టీసు, జట్టు మీటింగు కూడా. వాటిని డ్యూటీ డేస్ అంటారు. అందులో కాలిఫోర్నియాలో గడిపిన వంతుకి కాలిఫోర్నియా పన్ను అడుగుతుంది. టెక్సస్‌లో, ఫ్లోరిడాలో రాష్ట్ర ఆదాయపన్ను లేదు కదా అని ఊరుకోలేవు, ఆడినచోటల్లా కట్టాలి. 1991 ఫైనల్స్‌లో షికాగో బుల్స్ వచ్చి లాస్ ఏంజిలిస్ మీద గెలిచి వెళితే కాలిఫోర్నియా ఆ బుల్స్ ఆటగాళ్లకి పన్ను వేసింది. పంతానికి ఇల్లినాయ్ తిరిగి ఒక చట్టం తెచ్చింది. కొట్టుకున్నది పెద్దవాళ్లు, బిల్లు వచ్చేది పది రోజుల కుర్రాడికి. ఒకసారి నేనే ఒకడి రెండు ఆటల లెక్క ఒక రాష్ట్రానికి పంపడం మర్చిపోయా. వాళ్లడిగిన పన్ను కంటే పెనాల్టీ నోటీసు పెద్దది. నా జేబులోంచి కట్టాను. అప్పటి నుంచి నా దగ్గరికొచ్చే ప్రతివాడి చేతా చిన్న డైరీ కొనిపిస్తున్నా. రోజూ రాత్రి ఒక్క లైను: ఏ ఊరు, ఆటా, ప్రాక్టీసా, ఖాళీయా. నువ్వూ కొను. ఫోన్లో రాస్తానంటావు, రాయవు.

ఇక ఆట గురించి నేను చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే. కానీ బయటినుంచి చూసేవాడికి ఒకటి కనిపిస్తుంది. నిన్ను పిలిచేది 30 పాయింట్లు కొట్టమని కాదు. ఆ పని చేసేవాడు వాళ్లకి ముందే ఉన్నాడు, వాడికి కోట్లిస్తున్నారు. పీ.జే. టక్కర్‌ని చూడు. టెక్సస్ యూనివర్సిటీలో పెద్ద ఆటగాడు, 2006లో డ్రాఫ్ట్ (జట్లు కొత్తవాళ్లని వంతులవారీగా ఎంచుకునే తంతు) రెండో రౌండ్‌లో టొరంటో తీసుకుంది, ఏడాది తిరక్కుండానే వదిలేసింది. అయిదేళ్లు ఇజ్రాయెల్, ఉక్రెయిన్, గ్రీస్, ఇటలీ, జర్మనీ తిరిగాడు. 2012లో ఫీనిక్స్ పిలిస్తే ఏం చేశాడు? ఎదుటి జట్టులో గట్టివాణ్ని పట్టుకోవడం, కోర్టు మూలలో నిలబడి మూడు పాయింట్ల షాట్ వేయడం. కాలేజీలో తనకి పేరు తెచ్చిన ఆట పక్కన పెట్టేశాడు. 2021లో మిల్వాకీతో కప్పు కొట్టాడు. నీ కాలేజీ వీడియోల్లో నువ్వు గర్వంగా చూపించే డ్రిబ్లింగ్ ఉంది చూశావా, దాన్ని కొన్నాళ్లు అటక మీద పెట్టు. కోచ్ నీకు ఏ పని అప్పజెప్పి నిశ్చింతగా ఉండగలడో ఆ పని పట్టుకో.

ఇష్ స్మిత్ సంగతి నీకు తెలిసే ఉంటుంది. 2010లో డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, ఆరడుగుల మనిషి. 13 జట్లకి ఆడాడు, లీగ్‌లో అదే రికార్డు. ఆ పదమూడోదైన డెన్వర్‌తో 2023లో ఛాంపియన్ల ఉంగరం తొడుక్కున్నాడు. లెక్కలవాణ్ని కాబట్టి రెండు కాలమ్స్ చూస్తా: వదులుకున్నవాళ్లూ చాలామందే, పిలిచినవాళ్లూ అంతమందే. వచ్చిన రెండో రోజుకే ప్లేలన్నీ బట్టీ పట్టేవాడు, బెంచ్ మీద మొహం మాడ్చుకోనివాడు అయితేనే ఇన్ని పిలుపులు వస్తాయి.

విదేశాలకి వెళ్లాల్సి రావచ్చు. జీతం ఇక్కడికంటే మెరుగ్గా ఉంటుంది, ఇల్లు, కారు ఇస్తారు. నా క్లయింట్ ఒకడికి ఒక క్లబ్బు నాలుగు నెలలు జీతం ఎగ్గొట్టింది. ఊరు పేరు ఎందుకులే. కారు తాళాలు కూడా తీసేసుకున్నారు పాపం, జిమ్‌కి నడిచి వెళ్లేవాడు. వాడి కాంట్రాక్టులో ఒక్క వాక్యం లేకపోయింది: తగాదా వస్తే జెనీవాలోని బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రైబ్యునల్ తీర్పుకి కట్టుబడతామని. అది ఉంటే వాళ్ల ఊరి కోర్టుల చుట్టూ తిరిగే పని తప్పుతుంది. అది లేని కాగితం మీద సంతకం పెట్టకు. ఇంకోటి, యూరప్‌లో జీతం 'నెట్' అని చెబుతారు, అంటే అక్కడి పన్ను క్లబ్బే కట్టాలి. కట్టినట్టు రసీదు తెచ్చుకో. అది లేకపోతే ఇక్కడ నేను చేతులెత్తేయాల్సిందే.

ఒంటరితనం గురించి పెద్దగా చెప్పను, నీకే తెలుస్తుంది. సత్నామ్ సింగ్ లెజెండ్స్‌కి ఆడినప్పుడు చూశాను. భారత్‌లో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లోకి వచ్చిన మొదటివాడు, 2015లో 52వ పేరు. ఏడడుగుల పైన ఉన్న మనిషి ఎక్కువసేపు బెంచ్ మీదే. ఎన్‌బీఏలో ఒక్క ఆటా దక్కలేదు. తర్వాత రెజ్లింగ్‌కి వెళ్లాడు, అక్కడ బాగానే ఉన్నాడు.

ఎన్నాళ్లు ఆడాలని మీ అమ్మ అడిగింది. నేను చెప్పే గీత ఒకటుంది. ఎన్‌బీఏలో మూడేళ్ల సర్వీసు పూర్తయితే పెన్షన్‌కి హక్కు వస్తుంది, రిటైరయ్యాక హెల్త్ ఇన్సూరెన్స్ కూడా. ఆ మూడేళ్లు అందేంత దగ్గరలో ఉంటే పోరాడు. లేదంటే ఏటా జూన్‌లో మనిద్దరం కూర్చుని లెక్క చూసుకుందాం. ఆండ్రే ఇన్‌గ్రమ్ పదేళ్లు జీ లీగ్‌లో 384 ఆటలాడి, 32 ఏళ్ల వయసులో, 2018 ఏప్రిల్‌లో లేకర్స్ తరఫున మొదటి ఆట ఆడి 19 పాయింట్లు కొట్టాడు. స్టేడియమంతా లేచి అరిచింది. అందరూ ఆ రాత్రి సంగతే చెబుతారు. ఆ పదేళ్లూ పిల్లలకి లెక్కల ట్యూషన్లు చెప్పుకున్నాడు, ఫిజిక్స్ డిగ్రీ ఉంది కాబట్టి. నీ మాస్టర్స్ సీటు ఏడాది వాయిదా వేసుకునే వీలుందేమో రేపే మెయిల్ పెట్టు. వదులుకుంటున్నానని మాత్రం రాయకు.

మీ అమ్మ సంగతి నేను చూసుకుంటా. క్యాంపు అయ్యాక ఇటు వస్తే అత్తయ్య గోంగూర పచ్చడి పెట్టి ఉంచుతానంది. విమానంలో చేతిబ్యాగులో తేనివ్వరు, కాబట్టి చెక్-ఇన్ బ్యాగు ఒకటి తెచ్చుకో. డైరీ కూడా.

మీ మావయ్య