ముందుగాల నీళ్లు చూస్కో బిడ్డా

బిడ్డా,

మొన్న రాత్రి పదకొండున్నరకు ఫోన్ జేసి "పెద్దమ్మా, పొద్దటి సంది కుర్సిల కెళ్లి లేవలే, అయినా ఒక్క పని గూడ పూర్తి కాలే" అని ఏడ్చినవ్ గదా, ఆ మాట ఇంక నా చెవులల్లనే తిరుగుతున్నది. ఫోన్ల చెప్తే సగం యాదికుంటది సగం పోతది, అందుకే రాస్తున్న, జర పొడుగైతది, నిమ్మళంగ ఉన్నప్పుడు సదువు.

నువ్వు పంపిన లిస్టు చూసిన. ఇరవై మూడు పనులు, అన్నిటికి ఎర్ర గుర్తే. అన్నీ ఎర్రగుంటే ఏది ముందు చెయ్యాల్నో నీకెట్ల తెలుస్తది? ఇంకోటి, ఏ పని పక్కన గూడ అది ఎంత టైం పడ్తదో రాయలే. అసలు తిప్పలు అక్కడనే ఉన్నదనిపిచ్చింది నాకు.

మీ తాత పాకాల చెరువు ఆయకట్టు కింద నీరటి పని జేసిండు, అంటే పొలాలకు నీళ్లు ఇడిసే పని, నువ్వు పుట్టకముందు ముచ్చట. కాకతీయుల కాలంల 1213ల కట్టిన చెరువు అది, నిండితె 30 అడుగులు. యాసంగి నాట్లకు ముందు తైబందీ అని నీళ్ల పంపకం లెక్క చేసేటోళ్లు. అక్కడ మొదలే ఎవరికెన్ని నీళ్లు గావాలె అని అడగరు. చెరువుల ఎన్ని అడుగులున్నయో చూస్తరు, అవి ఎన్నెకరాలకు సరిపోతయో లెక్క గడ్తరు, ఆ తర్వాతనే ఏ కాలువ కింద ఎంత దాక నాటుకోవాల్నో చెప్తరు. మిగిలినోళ్లకు ఆరోజే చెప్పేస్తరు, ఈసారి వరి వద్దు, ఆరుతడి ఏస్కోండ్రి అని. ఆ రైతుకు కోపమొస్తది, కని నారు పొయ్యకముందే తెల్సింది గాబట్టి మక్కనో పెసరనో ఏస్కుంటడు. మొహమాటానికి అందరికి సరే అన్నరనుకో, వరి పొట్టకొచ్చే యాళ్లకు చెరువు అడుగంటి అందరి పొలం ఎండుతది. నువ్వు ఇప్పుడు చేస్తున్నది గదే బిడ్డా, అందరికి సరే అంటున్నవ్.

నీ నీళ్లంటే నీ గంటలు. ఆఫీసుల తొమ్మిది గంటలుంటవ్, అందుల కెళ్లి మీటింగులు, అన్నం, చాయ, మధ్యల వచ్చే ఫోన్లు తీసేస్తే నీ చేతికి మిగిలేది ఎంత? ఒక వారం ఉత్తగ రాసుకో, ఇంకేం మార్చకు. నాలుగైదు గంటలు దాటవని నా అందాజ. ఆ నాలుగు గంటలల్లనే నాటేయాలె.

ఇగ అంచనాల ముచ్చట. 1994ల కెనడా సైకాలజీ వాళ్లు ఒక పరిశోధన అచ్చేసిన్రు, థీసిస్ రాసే పిల్లల్ని ఎన్ని రోజులల్ల అయితది అని అడిగితే సగటున 34 రోజులన్నరు, అన్నీ ఎదురు తిరిగితే ఎన్ని అంటే 49 దాక అన్నరు, తీరా చూస్తే 55 దాటినయ్. చూడు, చెడ్డ లెక్క గూడ తక్కువే పడ్డది. అందుకే "ఎంత టైం పడ్తది" అని నీ మనసును అడగకు, పోయినసారి ఇసొంటి పనికి ఎంత పట్టిందో చూసి అదే రాయి.

ఇగ ఏది ముందు ఏది ఎనుక అనేది నేను నేర్చుకున్నది నా తప్పుతోని. హన్మకొండల నేను జూనియర్ అసిస్టెంట్‌గ ఉన్నప్పుడు, మార్చి నెల, బిల్లులన్నీ 31 లోపట ట్రెజరీకి పోకపోతే బడ్జెట్ ల్యాప్స్ అయితదని ప్రతోళ్లు నా టేబుల్ కాడికొచ్చి నిలవడేటోళ్లు, ఎవరు గట్టిగ అడిగితే వాళ్ల ఫైలు ముందుగాల రాసి సార్ కాడ పెట్టేదాన్ని. మా అటెండర్ ఒకాయన జూన్‌ల రిటైర్ అయ్యేదుండె. ఆయన సర్వీస్ రిజిస్టర్ల రెండు ఎంట్రీలు లేవు, పాత ఆఫీసుకు ఒక లెటర్ పెడితే వాళ్లు పంపిస్తరు. లెటర్ టైపు చేసుడు పది నిమిషాల పని. ఆయన మెత్తటి మనిషి, ఒక్కసారి గూడ గట్టిగ అడగలే, నేను మర్చిపోలే గని రేపు రేపు అనుకుంట మే నెల దాక ఆపిన. ఆయనకు నాలుగు నెలలు పెన్షన్ రాలే. ఆ నాలుగు నెలలు పొద్దుగాల పదింటికి వచ్చి వరండల బల్ల మీద కూసునేటోడు, చేతిల పాలిథిన్ కవరు, అందుల బ్యాంకు పాస్‌బుక్కు. నన్ను ఒక్క మాట అనలే. ఇయ్యాలటికి గూడ ఆ కవరు నా కండ్లల్ల మెదులుతది.

అప్పటి సంది పొద్దున సీట్ల కూసోంగనే నేను ముందు జూసేది, ఎవరి దగ్గరికన్న పోయి అక్కడ నానేటి పని ఏదన్న ఉన్నదా అని. అసొంటివి ముందుగాల కదిలియ్యాలె, మనకు పది నిమిషాలే గని అవతల నెల పడ్తది. నీ లిస్టుల చూసిన, వేరే టీమ్ నుంచి డేటా రావాల్సిన పని పద్దెనిమిదో నంబర్ల పెట్టినవ్, వాళ్లకు రేపే మెయిల్ పెట్టు. తర్వాత, ఇయ్యాల చెయ్యకపోతే ఎవరికి నష్టం, మల్ల సరిచేయొస్తదా అని చూడు. అరిచేటోళ్ల పని గూడ చెయ్యాల్నే, కని అరుపు ఇని కాదు.

అన్ని పనులు ఒక్క తాననే రాసుకో. సర్కారు ఆఫీసుల ప్రతి క్లర్కుకు పర్సనల్ రిజిస్టర్ ఉంటది, టప్పాల వచ్చిన ప్రతి కాయితం అందుల ఎక్కాలె, ఏ తారీఖున మల్ల గుర్తు చెయ్యాల్నో రిమైండర్ డైరీల ఉంటది. నువ్వు సగం వాట్సాప్‌ల, సగం మెయిల్ల, సగం తలకాయల పెట్టుకుంటివి, అందుకే నిద్ర పడ్తలేదు. నోట్‌బుక్కో ఫోనో ఏదైనా సరే, ఒక్కటే ఉండాలె.

ఇగ మీ మేనేజర్ కాడికి పొయ్యేటప్పుడు "నాతోని అయితలేదు సార్" అనకు. "సార్, ఈ వారం నాకాడ ఇరవై గంటలున్నయ్, ఈ ఆరు పనులకే అవి సరిపోతయ్, మీరు కొత్తది ఇయ్యాలంటే ఇందుల కెళ్లి ఏది ఎనుకకు జరపమంటరో చెప్పుండ్రి" అని కాగితం ముందల పెట్టు. ఆయన ఏది జరపమంటే అది రాసుకోని, దాని కోసం ఎదురు చూసేటోళ్లకు అదే రోజు చెప్పు.

ఆదివారం బువ్వ తిన్నంక ఆ లిస్టు మల్ల రాసి, పక్కన గంటలేసి, నాకు ఫోటో పంపు. మీ పెదనాయిన పండుకున్నంక నేను ఫోన్ చేస్త, ఇద్దరం ఒక్కొక్కటి చూద్దాం.

మీ పెద్దమ్మ