అడామాది చాదస్తమేనా?

ప్రశ్న: ‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’ అనే సైన్స్ ఫిక్షన్ టీవీ సిరీస్‌లో కమాండర్ అడామా తన అంతరిక్ష ఓడలో కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలపనివ్వడు. ఇదేం చాదస్తమండీ?
– ఓ పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: చాదస్తమే, కానీ ఓడను కాపాడింది కూడా అదేనండీ! 2003 మినీ సిరీస్ మళ్లీ చూడండి. సైలాన్లు (మనుషులు తయారుచేస్తే వాళ్ల మీదే తిరగబడ్డ రోబోలు) కంప్యూటర్ ప్రోగ్రాముల్లోకి దూరి కొత్త యుద్ధనౌకలను ఎక్కడివక్కడ ఆపేస్తే, మ్యూజియం కావాల్సిన ఈ ముసలి ఓడ వైరు ఫోన్లతోనే (నాకైతే మన బస్టాండు దగ్గరి పాత ఎస్టీడీ బూత్‌లు గుర్తొచ్చాయి) నెట్టుకొచ్చింది. అలాగని ఆయన్ని దేవుణ్ని చేయను. వాళ్లు పురాణాల్లో మాత్రమే విన్న భూమికి దారి తెలుసని అందరి ముందూ పచ్చి అబద్ధం చెప్పాడు. మరి ఆ మాట లేకపోతే సైలాన్ల దాడిలో ప్రాణాలతో మిగిలిన 50 వేల మంది ఏం పట్టుకుని బతికేవాళ్లు? ఇక మూడో సీజన్‌లో కూతురిలా చూసుకున్న పైలట్ స్టార్‌బక్ పోయాక, ఓపిగ్గా చేసుకుంటున్న తెరచాప ఓడ బొమ్మను తన చేతులతోనే పగలగొడతాడే, నాకు ఆయన నచ్చింది అక్కడే.