చేపల కంటే ముందు నీళ్లు తోడుకోవాలి

మిర్యాలగూడ నుంచి మీరు అడిగిన ప్రశ్న చదివాను. పాప పుట్టినరోజుకు ఫిల్టరు, లైటు, మోటారు అన్నీ ఒకే పెట్టెలో అమర్చి వచ్చే 30 లీటర్ల అక్వేరియం కొంటున్నారు. ఇంట్లో ఉన్నవి బోరు నీళ్లు. దుకాణదారు అదే రోజు చేపలు వేసుకోవచ్చని చెప్పాడు, నిజమేనా అని అడిగారు. కాదండి. పెట్టెను పుట్టినరోజుకు ఇవ్వండి, చేపలను మాత్రం నెల దాటాక తెచ్చుకోండి.

మేము నల్గొండలో ఉంటాం. నాలుగేళ్ల కింద మా అమ్మాయి కోసం సరిగ్గా ఇలాంటి పెట్టెనే కొన్నాం. మధ్యాహ్నం నీళ్లు నింపి, సాయంత్రానికి రెండు గోల్డ్‌ఫిష్‌లు, ఆరు గప్పీలు, అద్దాలు శుభ్రం చేస్తుందని ఒక సక్కర్ చేప వేశాం. రెండు రోజులు ఇల్లంతా దాని ముందే కూర్చుంది. మూడో రోజు నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. నాలుగో రోజు పొద్దున చూస్తే గోల్డ్‌ఫిష్‌లు రెండూ పైకి వచ్చి నోళ్లు తెరిచి గాలి కోసం తపిస్తున్నాయి, మొప్పలు ఎర్రగా కమిలి ఉన్నాయి. కంగారుపడి నీళ్లన్నీ పారబోశాను. ఫిల్టరులోని స్పాంజిని నల్లా కింద పెట్టి, మురికి పూర్తిగా పోయేదాకా పిండాను. కొత్త నీళ్లు పోశాను. వారం తిరిగేసరికి ఒక్క గప్పీ మిగిలింది. మా అమ్మాయి ఆ వారమంతా అన్నం సరిగ్గా తినలేదు. ఆ కంగారులో నేను చేసిన పనులే మిగిలిన చేపలను చంపాయని తర్వాత చదివి తెలుసుకున్నాను. మీ ఇంట్లో అలా జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

చేప మొప్పల నుంచి అమ్మోనియా వదులుతుంది. తినగా మిగిలిన మేత కుళ్లినా అమ్మోనియాయే పుడుతుంది. చెరువులో అయితే అది ఎక్కడో కలిసిపోతుంది, 30 లీటర్లలో పోయే దారి లేదు. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైటుగా మారుస్తుంది, మరో రకం ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. అమ్మోనియా, నైట్రైటు రెండూ చేపకు విషమే. నైట్రేటు మాత్రం కొద్ది మోతాదులో ఉంటే ఇబ్బంది లేదు, వారంవారం కొంత నీరు మారిస్తే అది పోతుంది. ఈ బ్యాక్టీరియా నీళ్లలో కంటే స్పాంజి, సిరామిక్ రింగులు, గులకరాళ్ల మీద అంటుకుని బతుకుతుంది. కొత్త పెట్టెలో అది దాదాపు ఉండదు. మనకు ఇంకో చిక్కు కూడా ఉంది. మన బోరు నీళ్లు చాలాచోట్ల గట్టి నీళ్లు, అంటే కాల్షియంలాంటి లవణాలు ఎక్కువ కరిగినవి, క్షారగుణం కూడా ఎక్కువ. నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత), వేడి పెరిగేకొద్దీ అదే అమ్మోనియా మరింత విషంగా మారుతుంది. అందుకే మన దగ్గర ఈ తొందర ఎక్కువ ప్రాణాలు తీస్తుంది.

పాలలో తోడు వేయకుండా పెరుగు కావాలంటే ఎలా అవుతుంది? ఇక్కడా అంతే. బాగా నడుస్తున్న అక్వేరియం ఎవరింట్లోనైనా ఉంటే వాళ్ల ఫిల్టరులోంచి ఒక స్పాంజి ముక్క, గుప్పెడు సిరామిక్ రింగులు అడగండి. వాళ్ల తొట్టి నీళ్లతోనే డబ్బాలో వేసుకుని, ఆరనివ్వకుండా తెచ్చి మీ పెట్టె వెనుక ఫిల్టరు ఉండే అరలో వేయండి. వాళ్ల చేపలు ఆరోగ్యంగా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి, లేకపోతే తోడుతో పాటు రోగమూ వస్తుంది. ఆ బ్యాక్టీరియాకు ఆహారం కావాలి కాబట్టి చేపలు లేకపోయినా రోజూ చిటికెడు మేత వేయండి. మోటారు రాత్రింబవళ్లు నడవాలి.

తోడుకుందో లేదో కంటికి తెలియదు. చుక్కల మందుతో వచ్చే టెస్ట్ కిట్ కొనండి, పెట్టె కంటే ముందు దానికి డబ్బు తీసి పెట్టుకోండి. మేము వాడిన కిట్‌లో అమ్మోనియా లేకపోతే గాజు గొట్టంలో నీళ్లు పసుపుగా ఉంటాయి, ఉంటే ఆకుపచ్చకు తిరుగుతాయి. నైట్రైటుకు లేత నీలం అంటే లేనట్టు, ఊదా రంగు అంటే నిండుగా ఉన్నట్టు. మరుసటి ఏడాది సంక్రాంతి వెళ్లిన వారం నీళ్లు నింపాం. మొదట ఆకుపచ్చ వచ్చింది, రెండు వారాలకు అది తగ్గుతుంటే ఊదా మొదలైంది. ఆ ఊదా ఎంతకీ వదలలేదు. శివరాత్రి దగ్గర పడ్డాక ఒక రోజు పసుపు, లేత నీలం పక్కపక్కన కనిపించాయి. మర్నాడు కాస్త ఎక్కువ మేత వేసి, ఇంకో రెండు రోజులు ఆగి చూశాం. మళ్లీ అవే రంగులు. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, మంచి తోడు దొరికితే ఇంకా తొందరగా అవుతుంది.

ఇక మీ బోరు నీళ్ల సంగతి. మన ఉమ్మడి జిల్లా పేరు చెప్పగానే ఎవరికైనా ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు మనుషుల ఎముకలనే వంచిన నీళ్లు అవి. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఫ్లోరైడ్ కాచినా పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. కొందరు అలవాటుకొద్దీ పటిక తిప్పి నీళ్లు తేర్చి పోస్తారు. ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం వాడే ‘నల్గొండ పద్ధతి’ని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన మాట నిజమే. కానీ అది కొలతలతో తాగునీటికి చేసే పని. అక్వేరియంలో పటిక వేయవద్దు, పీహెచ్ ఒక్కసారిగా పడిపోతుంది.

నీటిలో ఎంత లవణం కరిగి ఉందో చూపే టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. మా బోరు నీళ్లు 1100 చూపించాయి, మిషన్ భగీరథ నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లు 350 దగ్గర, ఆర్వో నీళ్లు 40. నల్లా ఉంటే అన్నిటికంటే అదే మేలు. కాకపోతే అందులో క్లోరిన్ ఉంటుంది, అది చేపల మొప్పలను దెబ్బతీస్తుంది, మనం పెంచుకున్న బ్యాక్టీరియాను చంపుతుంది. బకెట్లో పట్టి, మూత లేకుండా ఒక రోజంతా ఉంచండి, లేదా క్లోరిన్ విరిచే చుక్కలు వేయండి. బోరు తప్ప గతి లేకపోతే సగం బోరు, సగం ఆర్వో కలపండి, మా లెక్కలో అది 570 అయింది. ఒట్టి ఆర్వో నీళ్లు మాత్రం పోయకండి. లవణాలు లేని నీటికి పీహెచ్‌ను పట్టి ఉంచే బలం ఉండదు.

ఇలాంటి పెట్టెల్లో ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటుంది. ముందున్న నీళ్లు దువ్వెన పళ్లలాంటి సందుల గుండా వెనుక అరలోకి పొర్లుతాయి, స్పాంజి, రింగుల మీదుగా దిగి మోటారు దగ్గరకు వస్తాయి, మోటారు వాటిని తిరిగి ముందుకు తోస్తుంది. అందువల్ల ఎంత నీరు ఆవిరైనా ముందు భాగంలో మట్టం కదలదు, తగ్గేదంతా మోటారు ఉన్న ఆ చిన్న అరలోనే. ఏప్రిల్‌లో ఒక రాత్రి మోటారు గరగరమంటుంటే లేచి మూత తీశాను. టార్చి వేసి చూస్తే మోటారు పైభాగం నీళ్లపైకి తేలి గాలి పీలుస్తోంది. ఆ అడుగున మిగిలిన కాసిని నీళ్లలో ఏడు గప్పీ పిల్లలు తిరుగుతున్నాయి, ఒళ్లంతా అద్దంలా ఉండి కళ్లు మాత్రమే నల్లగా కనిపించేవి. మగవే అని తెచ్చుకున్న ఐదింటిలో ఒకటి ఆడదని ఆ రాత్రి తెలిసింది. పిల్లలను చెంచాతో ఒక్కొక్కటిగా ముందుకు తెచ్చాను. మర్నాడే ఆ సందులకు పలుచని వల కట్టాం, వెనుక అద్దం మీద నీరు ఉండాల్సిన చోట నెయిల్ పాలిష్‌తో బయటి వైపు గీత పెట్టాం.

ఆ గీత దాకా నింపడానికి బోరు నీళ్లు వాడకండి. ఆవిరయ్యేది నీరు మాత్రమే, లవణాలన్నీ తొట్టిలోనే ఉండిపోతాయి. బోరు నీళ్లు పోసిన ప్రతిసారీ మరికొన్ని లవణాలు చేరతాయి. నేను రెండు నెలలు అలాగే పోస్తే టీడీఎస్ 570 నుంచి 900 దాటింది, అద్దాల అంచున సున్నం పట్టింది. ఆవిరైన లోటుకు ఆర్వో నీళ్లు, వారానికోసారి ఆరేడు లీటర్లు తీసి మార్చేటప్పుడు కలిపిన నీళ్లు. స్పాంజిని ఆ తీసిన తొట్టి నీళ్లలోనే నెలకోసారి మెల్లగా పిండాలి, నల్లా కింద ఎప్పుడూ వద్దు.

అడుగున వేసే రాళ్లను కూడా చూసుకోండి. హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు సున్నపురాయి నేల, సిమెంటు ఫ్యాక్టరీలు అక్కడ ఉన్నది అందుకే. రాయి మీద నాలుగు చుక్కల వెనిగర్ వేసి నురగ వస్తే పక్కన పెట్టేయండి, అది నీటిని ఇంకా గట్టిపరుస్తుంది. గ్రానైట్ అయితే భయం లేదు. నీళ్లు, రాళ్లు, అద్దం కలిపి 40 కిలోలు దాటుతుంది కనుక బల్ల గట్టిదై ఉండాలి, కిటికీ ఎండ పడకూడదు. లైటు రోజుకు ఏడెనిమిది గంటలు చాలు.

చేపల్లో మీ నీళ్లకు గప్పీలే సరి. గట్టి నీళ్లంటే వాటికి ఇష్టం. 30 లీటర్లని రాసి ఉన్నా వెనుక అర, రాళ్లు పోగా చేపలు ఈదేది 22, 24 లీటర్లలోనే. ఐదారు మగ గప్పీలు చాలు. పొట్ట కింది రెక్క విసనకర్రలా విచ్చుకుని ఉంటే ఆడది, పుల్లలా సన్నగా ఉంటే మగది. లేదా ఒకే ఒక్క ఫైటర్ చేప, తోడుగా ఇంకేమీ లేకుండా. గోల్డ్‌ఫిష్, సక్కర్ ఎంత చిన్నవి చూపించినా వద్దు. సక్కర్ అడుగు దాటి పెరుగుతుంది. పెరిగాక చెరువులో వదులుదామనిపిస్తుంది, ఆ పని మాత్రం దయచేసి చేయకండి. అలా వదిలినవే తెలుగు నేలపై చెరువుల్లో, కాలువల్లో పెరిగి దెయ్యం చేప అని పేరు తెచ్చుకున్నాయి, జాలరుల వలలు చీలుస్తున్నాయి.

మే నెల గురించి ముందే సిద్ధంగా ఉండండి. మా పెట్టెలో ఒక మధ్యాహ్నం 33.5 డిగ్రీలు చూశాం. నీరు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. మూత తీసి, నీటి మీదుగా గాలి వెళ్లేలా చిన్న ఫ్యాను పెడితే 30కి దిగింది. ఐసు గడ్డలు వేస్తే వేడి ఒక్కసారిగా మారి చేపలు బెదురుతాయి. కరెంటు పోతే ఆక్సిజన్ అందక వెనుక అరలోని బ్యాక్టీరియా కూడా చస్తుంది, అందుకే బ్యాటరీతో నడిచే గాలి మోటారు ఒకటి ఉంచుకోండి. అది లేనప్పుడు మా అత్తగారు చెంబుతో ముంచి జానెడు ఎత్తు నుంచి పోస్తూ గంటసేపు కూర్చున్నారు, చేపలన్నీ దక్కాయి. ఆ గదిలో దోమల మందు, బొద్దింకల స్ప్రే వాడకండి, వాటిలోని రసాయనాలు చేపలకు చాలా ప్రమాదం. మేత రోజుకోసారి, రెండు నిమిషాల్లో తినేంత. పండక్కి నాలుగు రోజులు ఊరెళ్తే ఏమీ వేయకపోయినా పెద్ద చేపలు బాగానే ఉంటాయి, పక్కింటివాళ్లకు డబ్బా ఇచ్చి వెళ్లడమే ప్రమాదం.

పుట్టినరోజు నాడు ఖాళీ పెట్టె ఇస్తే పాప చిన్నబుచ్చుకుంటుందేమోనని మీకు ఉండవచ్చు. మొక్కలకు ఆగాల్సిన పని లేదు. అనుబియాస్, జావా ఫెర్న్ రెండూ మన నీళ్లకు తట్టుకుంటాయి, మట్టి అక్కర్లేదు, రాయికి దారంతో కట్టడం పిల్లలకే ఇష్టమైన పని. గులకరాళ్లు కడగడం, చుక్కలు లెక్కపెట్టి గొట్టంలో వేయడం, రంగు చూసి నోటు పుస్తకంలో తేదీ రాయడం మా అమ్మాయే చేసింది. రెండు రంగులూ సరిగ్గా వచ్చిన రోజు బడి నుంచి వచ్చి యూనిఫాం కూడా మార్చుకోకుండా ఆ గొట్టాలను వీధి తలుపు దగ్గరికి పట్టుకెళ్లి వెలుతురులో చూసింది. మందు చుక్కలు పెద్దవాళ్లు పక్కన ఉండగానే వేయించండి, చేతులు కడిగించండి.

మీ బోరు నీళ్ల టీడీఎస్ ఎంతో చూసి ఇక్కడే రాయండి. ఆర్వో ఏ పాళ్లలో కలపాలో లెక్క చెబుతాను.